మిడుత గ్రుడ్లలో పెరుగు నేల కందిరీగ

కోతలు పూర్తియై కుప్పలు వేసిన తరువాత పొలము గట్టు వంక చూచువారు అరుదు. కాని వచ్చే తొలకరిలో మీ పైరును మిడుతలు తినునా, తినవా అను విషయము చాలవరకు ఆ నెలలలో ఆ గట్టు మట్టిలోనే తేలిపోవుచుండును. రెండు మూడు అంగుళముల లోతున మిడుత తన గ్రుడ్లను దాచిపోవును. ఆ గ్రుడ్లను వెదకుకొనుచు చీమంత కందిరీగ ఒకటి మట్టిలోనికి దిగును. మిడుత గెలిచినచో రైతుకు నష్టము. కందిరీగ గెలిచినచో రైతుకు లాభము. ఈ పోరు మన కంటికి కనబడదు గనుక మనలో చాలమంది ఇట్టి కందిరీగ ఒకటి ఉన్నదనియే ఎరుగరు. ఎరుగకపోవుటవలన గట్టు చెక్కునప్పుడును, మందు చల్లునప్పుడును శత్రువుతోపాటు మిత్రుని కూడ చంపుకొనుచున్నాము.

ఆ కందిరీగ ఎట్టిది, మట్టిలో ఏమి చేయును, మీ గట్టులో అది ఉన్నదో లేదో మీరే తెలిసికొనుట ఎట్లు, తెలిసికొన్న పిమ్మట గట్టు విషయములో ఏ నిర్ణయము తీసికొనవలెను అను సంగతులు ఈ వ్యాసములో వివరింపబడినవి.

మొదట మిడుత సంగతి

వరి పొలములలో కనబడు మిడుతలు అనేక రకములు. వానిలో ముఖ్యమైనది పెద్ద వరి మిడుత. శాస్త్రజ్ఞులు దీనిని హైరోగ్లైఫస్ బానియన్ అందురు. ఆకుపచ్చ లేక పసుపు కలిసిన ఆకుపచ్చ దేహము, మెడ భాగముపై అడ్డముగా నల్లని గీతలు దీని గుర్తులు. ఇది వరినేగాక జొన్న, మొక్కజొన్న, చెరకు, గట్ల మీది గడ్డి కూడ తినును. పిల్లలును, పెద్దవియు ఆకులను అంచులనుండి కొరికి తినును. ఉధృతి హెచ్చినచో ఆకు నడిమి ఈనె మాత్రమే మిగులును. వెన్ను తీయు సమయమున లేత వెన్నులను కూడ కొరుకును.

ఈ మిడుతకు సంవత్సరమునకు ఒకే తరము. స్వాతి, విశాఖ కార్తెల ప్రాంతమున, అనగా అక్టోబరు, నవంబరు నెలలలో, తల్లి మిడుత తన పొట్ట చివరను గట్టు మట్టిలోనికి గ్రుచ్చి గ్రుడ్లు పెట్టును. ఈ గ్రుడ్లు విడివిడిగా ఉండవు. 30-40 గ్రుడ్లు ఒక ముద్దగా ఉండి, వాని చుట్టు నురుగువంటి జిగురు పదార్థము ఉండును. అది ఆరి, మట్టి రేణువులు అంటుకొని గట్టిపడి చిన్న తిత్తివలె తయారగును. దీనిని గ్రుడ్ల తిత్తి అందము. తిత్తి పై భాగమున ఎండిన నురుగు బిరడావలె అమరియుండును. పిమ్మట తల్లి చనిపోవును. గ్రుడ్లు మాత్రము చలికాలము, వేసవికాలము మట్టిలోనే నిద్రించి, తొలకరి వానలకు నేల తడిసిన పిమ్మట పగులును. అప్పుడు బయటపడిన పిల్లలు మొదట గట్టుమీది గడ్డిని తిని, తరువాత నారుమడికి, అక్కడనుండి నాటిన పొలమునకు చేరును.

దీనిలో రైతు గ్రహింపవలసిన ముఖ్య విషయము ఒకటి కలదు. మిడుత తన జీవితములో ఏడెనిమిది నెలలు గ్రుడ్డు రూపమున, కదలక, ఒకే చోట పడియుండును. రెక్కలు వచ్చిన మిడుతను పట్టుట కష్టము. తిత్తిలోని గ్రుడ్డు ఎచ్చటికిని పారిపోలేదు. వేసవి దుక్కి, గట్లు చెక్కుట అను మన పాత పద్ధతులు ఈ బలహీనతమీదనే ఆధారపడినవి. కందిరీగ కూడ దీనినే ఆసరాగా చేసికొన్నది.

కందిరీగను గుర్తించుట ఎట్లు?

ఈ కందిరీగలు స్కెలియోనిడే అను కుటుంబమునకు చెందినవి. 2007లో శాస్త్రజ్ఞులు ఈ కుటుంబమును ప్లాటిగాస్ట్రిడే అను మరొక కుటుంబములో కలిపిరి. 2021లో జన్యు పరిశీలనల ఆధారమున దీనిని మరల వేరు కుటుంబముగా నిలిపిరి. పేరు ఏదైనను ఈ కుటుంబమువారి వృత్తి ఒక్కటే: ఇతర కీటకముల గ్రుడ్లలోనో, సాలీళ్ళ గ్రుడ్లలోనో తమ గ్రుడ్లు పెట్టి, వానిని తిని పెరుగుట.

ఈ కుటుంబములో కొందరు మీకు ఇదివరకే తెలిసియుండవచ్చును. వరి కాండము తొలుచు పురుగు గ్రుడ్ల కుప్పలనుండి టెలినోమస్ అను నల్లని నలుసులవంటి కందిరీగలు వచ్చును. 2018లో మన దేశమున కనబడి మొక్కజొన్నకు గొప్ప నష్టము కలిగించిన కత్తెర పురుగు గ్రుడ్లపై టెలినోమస్ రెమస్ అను మరొక జాతి బ్రతుకును. ఇవి ఆకులమీద పనిచేయు బంధువులు. మనము చెప్పుకొనునది మట్టిలో పనిచేయు శాఖ. దీని పేరు స్కెలియో. 1805లో లాత్రేయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను. స్కెలియో జాతులు మిడుతల గ్రుడ్లమీదనే బ్రతుకును. ఆ గ్రుడ్లు ఉండునది మట్టిలో గనుక ఇది కూడ మట్టిలోనికి దిగవలసినదే. మన వరి మిడుత గ్రుడ్లలో పెరుగు జాతికి స్కెలియో హైరోగ్లైఫి అని, ఆ మిడుత పేరుననే పేరు పెట్టబడినది.

పెద్ద కందిరీగవలె దీనికి పచ్చని పట్టెలు ఉండవు. దేహము నలుపు. పొడవు నాలుగైదు మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు ఒక నల్లచీమ అంత. పొట్ట సన్నగా, కోలగా ఉండును. మీసములు మోచేయివలె వంగియుండును. చూచినవారు రెక్కలచీమ అని పొరబడుట సహజము. కాని చీమలు బారులు తీరి నడచును. ఇది ఒంటరిగా తిరుగును. తిరుగునంత సేపు మీసముల కొనలతో మట్టిని తట్టుచు, ఆగుచు, మరల తట్టుచు పోవును. నవంబరు నెలలో ఎండ కాసిన గట్టుమీద ఇట్లు మట్టిని తట్టుచు తిరుగు చిన్న నల్లని ఈగ కనబడినచో దానిని కొంతసేపు గమనించండి. అది మనుష్యులను, పశువులను కుట్టదు, పైరును ముట్టదు.

మట్టిలో జరుగు పని

మిడుత గ్రుడ్లు పెట్టిన చోటును ఆడ కందిరీగ వాసనవలన పసికట్టును. తిత్తి మీది నురుగు బిరడాయే దానికి దారి. కోరలతో, కాళ్ళతో త్రవ్వుకొనుచు, బిరడా గుండనో దాని ప్రక్కనుండియో గ్రుడ్ల దగ్గరకు చేరును. కొన్ని జాతులలో కందిరీగ దేహమంతయు మట్టిలో మునిగిపోవును.

గ్రుడ్డును చేరిన పిమ్మట దాని పెంకులోనికి సూదివంటి గొట్టమును గ్రుచ్చి తన గ్రుడ్డును లోపల పెట్టును. ఈ సూది అమరిక చిత్రమైనది. అది ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టములుగా పొట్టలోపల దాగియుండును. కందిరీగ పొట్టలోని ద్రవమును ఒత్తినప్పుడు, దూరదర్శిని గొట్టమును లాగినట్లు, అది పొడవుగా వెలుపలికి సాగును. ఇరుకైన మట్టి సందులో తిరుగు పురుగునకు ఎప్పుడును వెలుపల వ్రేలాడు పొడవైన సూది అడ్డము గదా! అందువలననే ఈ ఏర్పాటు.

ఒక్కొక్క మిడుత గ్రుడ్డులో ఒక్కొక్క కందిరీగ మాత్రమే పెరుగును. లోపల పుట్టిన పిల్ల పురుగు మొదటి దశలో కొడవళ్ళవంటి కోరలు కలిగియుండును. గ్రుడ్డులోని సారమునంతయు తాగి, ఆ పెంకులోనే ప్యూపాగా మారి, రెక్కలు వచ్చిన పిమ్మట పెంకు కొనను కొరికి వెలుపలికి వచ్చును. ఆ గ్రుడ్డునుండి ఇక మిడుత పుట్టదు.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది: ఈ కందిరీగ తన బాల్యమంతయు మిడుత గ్రుడ్డులోనే గడుపును. కాబట్టి మిడుత తిత్తికి జరిగిన హానియంతయు దానిలోని కందిరీగకును జరుగును. రెండవది: లేత గ్రుడ్లే దీనికి కావలెను. మిడుత పిల్ల లోపల బాగుగా రూపుకట్టిన గ్రుడ్డు దానికి పనికిరాదు. కావున మిడుత గ్రుడ్లు పెట్టిన తరువాతి కొలది వారములు కందిరీగకు సుగ్గి దినములు. ఆ దినములలో గట్టుమీద విషము పడినచో కందిరీగ పని అంతటితో సరి.

లేత గ్రుడ్లు సమయమునకు దొరకుటకు ఈ కుటుంబములోని కొన్ని జాతులు మరొక ఉపాయము పన్నినవి. దక్షిణ భారత దేశమున రెక్కలులేని మిడుతల దేహమును పట్టుకొని స్వారిచేయు జాతి ఒకటి కలదు. దీనిని బ్రూస్ అను శాస్త్రజ్ఞుడు 1917లో వర్ణించెను. మిడుత ఎచ్చటికి పోయినను అది వెంటనే యుండును. మిడుత గ్రుడ్లు పెట్టగానే ఇక వెదకులాట లేదు. జొన్న చేలలో, పొదలమీద రెక్కలులేని మిడుతలను పట్టినప్పుడు వాని వీపు, ప్రక్కలు ఒకసారి పరికించి చూడండి.

ఇతర దేశపు అనుభవము

ఇంత చిన్న పురుగు నిజముగా పంటను కాపాడగలదా అని సందేహము రావచ్చును. దీనికి హవాయి దీవుల అనుభవము సమాధానము చెప్పును. ఆ దీవులలో చెరకు ముఖ్యమైన పంటగా ఉండిన దినములలో ఆసియాఖండమునుండి ఒక మిడుత అక్కడకు చేరినది. ఇది మన వరి పొలములలోని చిన్న మిడుతకు దగ్గర బంధువైన ఆక్సియా జాతి. మిడుత వచ్చినది గాని, దాని గ్రుడ్లలో పెరుగు కందిరీగ రాలేదు. అడ్డులేక మిడుత వృద్ధిచెంది చెరకు ఆకులను తినసాగెను. 1930లో పెంబర్టన్ అను కీటకశాస్త్రజ్ఞుడు మలయా దేశమునుండి స్కెలియో కందిరీగలను తెప్పించి అక్కడ విడిపించెను. వానిలో ఒక జాతి స్థిరపడినది. తరువాత మిడుత బెడద తగ్గిపోయెను. ఆ జాతికి పెంబర్టన్ పేరుననే స్కెలియో పెంబర్టోని అని పేరు. కందిరీగల సహాయమున మిడుతను అదుపులోనికి తెచ్చిన సందర్భములలో దీనిని శాస్త్రజ్ఞులు నేటికిని ఉదాహరింతురు.

అయితే దీనినిబట్టి ఎచ్చటెచ్చటి కందిరీగలనో తెచ్చి మన గట్లపై వదలవలెనని అనుకొనరాదు. ఆస్ట్రేలియా కందిరీగను అమెరికా పచ్చిక బీళ్ళలోనికి తెచ్చు ప్రయత్నము వచ్చినప్పుడు, మిడుతలన్నియు పైరు శత్రువులు కావనియు, హానిచేయని స్థానిక మిడుతలు కూడ నశింపవచ్చుననియు అక్కడి శాస్త్రజ్ఞులు కొందరు ఆక్షేపించిరి. అది ఆలోచింపదగిన మాట. మన విషయములో ఆ చిక్కు లేదు. మన మిడుతకు తగిన కందిరీగ మన నేలలోనే ఉన్నది. కొని తేనక్కరలేదు, చంపకుండ ఉన్న చాలును.

దీని శక్తికి హద్దులు

ఉన్నదానికంటె ఎక్కువ చెప్పి రైతును ఆశపెట్టుట మంచిది కాదు. ఈ కందిరీగ గ్రుడ్లనే గాని మిడుతను చంపదు. ఇప్పుడు మీ పొలములో ఎగురుచున్న మిడుతలపై దీనివలన ప్రయోజనము లేదు. దీని మేలు మరుసటి తొలకరికి తెలియును. తిత్తి అడుగుననున్న గ్రుడ్లు ఒక్కొక్కప్పుడు దీనికి అందవు. ఒక గట్టులో ఎక్కువగాను, ప్రక్క గట్టులో బొత్తిగా లేకుండను ఉండవచ్చును.

దండుగా వచ్చు ఎడారి మిడుతల విషయము వేరు. 2020లో ఆ దండ్లు రాజస్థానమునుండి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల వరకు వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దు జిల్లాలలో కూడ హెచ్చరికలు చేసిరి. ఈ పూట ఒకచోట, రేపు వంద మైళ్ళ దూరమున ఉండు దండును గట్టుమీది కందిరీగ వెంబడింపలేదు. మన వరి మిడుత అట్లుకాదు. అది పుట్టిన గట్టు దగ్గరనే పెరిగి, ఏటేట ఆ చుట్టుప్రక్కలనే గ్రుడ్లు పెట్టును. ఊరు విడువని శత్రువునకు ఊరు విడువని కాపలాదారు తగును.

మట్టిలో మిడుత గ్రుడ్లను తిను మరొక పురుగు కూడ కలదు. కంది, పెసర, బెండ పూతను తిను ఎరుపు నలుపు పట్టెల పెంకు పురుగు మీకు తెలియును. చేతితో నలిపినచో బొబ్బలెక్కును. దాని పిల్ల పురుగులు మట్టిలో మిడుత తిత్తులను తిని పెరుగును. నేల క్రింద మిత్రుడు, నేలపైన శత్రువు! కాబట్టి తిత్తిలో కనబడిన పురుగు ప్రతిదియు మన కందిరీగ పిల్ల అనుకొనరాదు. వాని తేడా క్రింద చెప్పబడినది.

గట్టు పరీక్ష

జనవరి మొదలు మే నెల వరకు ఎప్పుడైనను ఈ పరీక్ష చేయవచ్చును. కావలసినవి చిన్న పార, పాత చేట, తెల్లకాగితము, సూది మాత్రమే. ఊరి బడిలో ఉన్న భూతద్దము దొరికినచో మరింత మంచిది.

1. క్రిందటి పంటలో మిడుతలు ఎక్కువగా కనబడిన గట్లను ఎన్నుకొనండి. గడ్డి పలుచగా ఉండి, ఎండ తగులు చోట్లు, గట్టు ప్రక్కల వాలు విడువక చూడవలెను.

2. గట్టు పొడవున పది చోట్ల, ఒక్కొక్కచోట అడుగు పొడవు, అడుగు వెడల్పున, నాలుగు అంగుళముల లోతు మట్టిని నెమ్మదిగా లేపి చేటలో వేయండి. గడ్డలను చేతితోనే విడగొట్టవలెను. పారతో కొట్టినచో తిత్తులు చితికిపోవును.

3. దొరికిన తిత్తులను లెక్కపెట్టి, ఐదారింటిని తెల్లకాగితముపై విప్పండి. గ్రుడ్లు పచ్చని బియ్యపు గింజలవలె ఉండును. వానిని ఒక్కొక్కటిగా సూదితో చీల్చి చూడండి.

గ్రుడ్లు నాలుగు విధములుగా కనబడును.

మొదటిది, మంచి గ్రుడ్డు. నిండుగా ఉండి, చీల్చినచో పచ్చని చిక్కని ద్రవము వచ్చును. తొలకరి దగ్గరపడినప్పుడు కండ్లు, కాళ్ళు కలిగిన మిడుత పిల్ల ముడుచుకొని కనబడును.

రెండవది, కందిరీగ సోకిన గ్రుడ్డు. పెంకు తరచు రంగు మారియుండును. చీల్చినచో కాళ్ళులేని తెల్లని చిన్న పురుగో, నల్లబడుచున్న ప్యూపాయో, పూర్తిగా తయారైన నల్లని కందిరీగయో ఒక్కటే ఉండును. కందిరీగ పోయిన పెంకు కొనయందు కొరికిన చిన్న రంధ్రము ఉండును.

మూడవది, కుళ్ళిన గ్రుడ్డు. ముడుతలు పడి, బూజు పట్టి, వాసన వేయును. నీరు నిలుచుటవలననో, తెగులువలననో చచ్చినది.

నాలుగవది, తినివేయబడిన గ్రుడ్లు. తిత్తిలోపల గ్రుడ్ల తుక్కు, దానిమధ్య గ్రుడ్డుకంటె పెద్దదియు, కాళ్ళు కలదియునగు పురుగు ఉండును. ఇది పెంకు పురుగు పిల్ల. కందిరీగ పిల్ల గ్రుడ్డులోపలనే ఉండును, వెలుపల తిరుగదు. ఇదియే రెండింటికి గల తేడా.

4. నాలుగు రకములను వేరువేరుగా లెక్కించి ఒక పుస్తకములో వ్రాసికొనండి. ఒక గట్టులో 200 గ్రుడ్లు చూడగా మంచివి 80, కందిరీగ సోకినవి 90, కుళ్ళినవి, తిన్నవి 30 వచ్చినవనుకొనండి. అనగా 200 మిడుతలు పుట్టవలసినచోట 80 మాత్రమే పుట్టును. మిగిలినవానిలో ఎక్కువ భాగము కందిరీగ చలవ. ప్రక్క గట్టులో 200కు 190 మంచివే వచ్చినచో ఆ గట్టునుండి రాబోవు ముప్పు తొలకరికి ముందే మీకు తెలిసిపోయినట్లే.

సీసా పరీక్ష

సూదితో చీల్చి చూచుట కష్టమనుకొనువారు ఈ పద్ధతి అనుసరింపవచ్చును. బడి పిల్లలచేత చేయించుటకు కూడ ఇది మంచి పాఠము. వెడల్పు మూతిగల గాజు సీసాలో రెండు అంగుళముల ఎత్తు గట్టు మట్టి వేసి, దానిలో ఐదారు తిత్తులను నురుగు బిరడా పైకి ఉండునట్లు పాతవలెను. మూతికి పలుచని గుడ్డ కట్టి నీడలో ఉంచవలెను. వేసవిలో మట్టి గట్టిపడకుండ అప్పుడప్పుడు నాలుగు చుక్కలు నీరు చల్లి, రోహిణి కార్తె వెళ్ళిన తరువాత మట్టిని బాగుగా తడుపవలెను; తడి ఉండవలెను గాని నీరు నిలువరాదు. తరువాత ప్రతి ఉదయము చూచుచుండవలెను.

మిడుత పిల్లలు వచ్చినచో లెక్కించి, కోళ్ళకు వేయండి. నల్లని కందిరీగలు వచ్చినచో అవి వెలుతురు కొరకు గుడ్డ అడుగున నడచుచుండును. వానిని చిన్న గాజు గొట్టములోనికి ఎక్కించుకొని, చల్లని వేళ గట్టుమీద విడువండి. మిడుత పిల్లలు రావడము ఆగిపోయిన వెంటనే సీసాను పారవేయవద్దు. కందిరీగలు తరచు మిడుత పిల్లల తరువాత వచ్చును. మరికొన్ని వారములు ఉంచి చూడవలెను.

ఫలితమునుబట్టి నిర్ణయము

గట్లు చెక్కుట, వేసవి దుక్కి మంచి పద్ధతులే. తిత్తులు పైకి వచ్చి ఎండకు ఎండును. కాకులు, గోరింకలు ఏరుకొని తినును. ఎలుక బొరియలు కూడ తెగును. కాని ప్రతి గట్టును, ప్రతి సంవత్సరము, చూడకుండ చెక్కినచో మిడుత గ్రుడ్లలోని కందిరీగలు కూడ ఎండకు చచ్చును. చెక్కినప్పుడు కొన్ని తిత్తులు తప్పించుకొనుట సహజము. ఆ మిగిలిన మిడుతలను అదుపుచేయుటకు కందిరీగ లేనిచో కష్టము మరల మొదటికి వచ్చును. కావున ఈ విధముగా చేయండి.

మంచి గ్రుడ్లే అధికముగా ఉన్న గట్టును తప్పక చెక్కవలెను. మార్చి నుండి మే లోపల, ఎండ తీవ్రముగా ఉన్నప్పుడు, మూడు నాలుగు అంగుళముల లోతు చెక్కి, మట్టిని తిరగవేసి వదలవలెను.

కందిరీగ సోకిన గ్రుడ్లు సగమో, అంతకు మించియో ఉన్న గట్టును ఆ సంవత్సరము చెక్కక విడిచిపెట్టండి. అది మీ పొలమునకు కందిరీగల నారుమడి వంటిది.

రెండును కలిసియున్న గట్టులో కొంత భాగము చెక్కి, కొంత విడువవచ్చును. చెక్కినచోట చేతికి దొరికిన తిత్తులను ఎండలో పారవేయక, తడిమట్టి గల కుండలో వేసి మూతికి పలుచని గుడ్డ కట్టి, సీసా పరీక్షలో చెప్పినట్లే మిడుత పిల్లలను కోళ్ళకు, కందిరీగలను గట్టుకు పంపవలెను. ఖర్చు లేని పని. ఇంటిలోని పిల్లలును చేయగలరు.

గట్టుమీద కొద్దిపాటి పూల మొక్కలు ఉంచుట కూడ మేలు. పెద్ద కందిరీగలు పూల తేనెవంటి తీపి పదార్థములతో ప్రాణము నిలుపుకొనును. నువ్వులు, బంతి వంటివి గట్టుమీద అక్కడక్కడ వేసినచో ఇట్టి మిత్ర పురుగులకు ఆహారము దొరకును. దట్టమైన గడ్డిని మాత్రము పెరగనీయరాదు. అది మిడుత పిల్లలకు మొదటి మేత. గట్టుమీద కావలసినది పూవు గాని పిచ్చిగడ్డి కాదు.

మందులు వాడుటలో జాగ్రత్త

ఒకప్పుడు మిడుతలు కనబడిన వెంటనే గట్లమీద బి.హెచ్.సి. పొడి చల్లుట వాడుక. ఆ మందు 1997లో మన దేశమున నిషేధింపబడినది. అది పోయినను, గట్టు పొడవున ఏదో ఒక మందు చల్లు అలవాటు చాలచోట్ల పోలేదు. మట్టిమీద పడిన పొడిలో రోజంతయు మీసములతో తట్టుచు తిరుగునది కందిరీగయే. ఎగిరిపోవు మిడుతకంటె దానికే ఎక్కువ విషము తగులును.

మిడుత పిల్లలు గుంపులుగా ఉండి తప్పనిసరిగా మందు వాడవలసి వచ్చినచో, అవి చిన్నవిగా ఉన్నప్పుడే, గుంపులు ఉన్న తావులమటుకే వాడవలెను. గట్లన్నిటిపై చల్లరాదు. ముఖ్యముగా అక్టోబరు, నవంబరు నెలలలో గట్లపై మందు పడనీయరాదు. పైరుమీద పిచికారి చేయునప్పుడు కూడ గట్టు వదలి చేయవలెను. ప్రస్తుతము అనుమతింపబడిన మందు ఏది, మోతాదు ఎంత అను విషయము మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రమువారిని అడిగి తెలిసికొనండి.

కార్తెలవారీగా చేయవలసిన పనులు

స్వాతి, విశాఖ: మిడుతలు గ్రుడ్లు పెట్టు చోట్లను గమనించి గుర్తులు పెట్టుకొనవలెను. గట్టుపై మందు కూడదు. మట్టిని తట్టుచు తిరుగు నల్లని కందిరీగకొరకు చూడవలెను.

సంక్రాంతి తరువాత: గట్టు పరీక్ష చేసి, ప్రతి గట్టు లెక్క వ్రాసికొనవలెను.

మార్చి నుండి మే వరకు: మంచి గ్రుడ్లు ఎక్కువగా ఉన్న గట్లను చెక్కవలెను. కందిరీగలు ఉన్న గట్లను విడువవలెను. దొరికిన తిత్తులను కుండలో వేయవలెను.

మృగశిర, ఆరుద్ర: సీసాను, కుండను ప్రతి ఉదయము చూడవలెను. నారుమడి చుట్టుగల గట్లపై మిడుత పిల్లల గుంపులు ఉన్నవేమో పరిశీలింపవలెను.

ఒక రైతు తన గట్టును విడిచి, ప్రక్క రైతు తన గట్టుపై మందు చల్లినచో ఫలితము సగమగును. మిడుతకు గాని, కందిరీగకు గాని సరిహద్దు రాళ్ళు తెలియవు. కావున ఒక కాలువ క్రింది రైతులు నలుగురైదుగురు కలిసి, ఒకేరోజు తమ గట్లను పరీక్షించి, లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుట ఉత్తమము. ఎవరి గట్టు చెక్కవలెనో, ఎవరి గట్టు విడువవలెనో ఆ లెక్కలే చెప్పును. ఈ వేసవిలో పార ఎత్తుటకు ముందు ఒక తిత్తి విప్పి లోపల ఎవరున్నారో చూడండి.